ఆమె వైరు పెడితే నెట్ ఎందుకు పోయింది

మీ కంప్యూటర్ మీట నొక్కిన క్షణాన, తెర మీద ఏదీ కనిపించకముందే లోపల ఒక ప్రోగ్రాం లేచి నడుస్తుంది. దాన్ని ఎవరు రాశారో, అందులో ఏముందో మీరు ఎప్పుడైనా అడిగారా?

అడగలేదని నాకు తెలుసు. తీర్థం చేతిలో పోస్తే ఆ నీళ్ళు ఎక్కడివని అడగని మనుషులం మనం. డబ్బు పెట్టి కొన్న పెట్టెలో ఏముందని అడుగుతామా?

నేను అడిగాను. అడగడం నాకు చిన్నప్పుడే అంటిన జబ్బు. మా నాయన మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, తెలుగు నేతగాళ్ళ పేటలో సాంచె నడిపేవాడు. కరెంటు మగ్గాన్ని మా పేటలో సాంచె అంటాం. సెలవు రోజు సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వాచనాలయానికి, అంటే పేటవాళ్ళు పేపర్లు, పుస్తకాలు చదివే చోటికి పోయేవాడు. అక్కడ చర్చ జరిగేది. పెళ్ళికి పురోహితుడు ఎందుకు? పిండం కాకి కోసమా, మన కోసమా? మొగుడు పోయిన ఆడదాని బొట్టు తుడవమని ఎవడు చెప్పాడు? గొంతులు పెరిగేవి, కుర్చీలు వెనక్కి జరిగేవి. అయినా ఒక నియమాన్ని ఎవరూ దాటేవారు కాదు. ఎదుటివాడి మాటకు జవాబిచ్చే ముందు ఆ మాటను నీ నోటితో తిరిగి చెప్పాలి. "అవ్, నేనన్నది గిదే" అని వాడు ఒప్పుకున్నాకే నీ వంతు. చాలామంది ఆ మెట్టు దగ్గరే ఓడిపోయేవారు. ఎదుటివాడి మాటను సరిగ్గా చెప్పబోయేసరికి, తాము జవాబిస్తున్నది వాడు అనని మాటకని వాళ్ళకే తెలిసిపోయేది.

పెద్దయ్యాక ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. బట్టలో బొమ్మలు నేసే జకార్డు సాంచెల మీద ఉండే కంట్రోల్ పెట్టెలు బాగుచేయడం నా బతుకుదెరువు. మిగిలిన వేళల్లో వ్యాసాలు రాస్తాను, తిట్లు తింటాను. ఆ మొదటి ప్రోగ్రాం సంగతి నాకు తెలిసింది ఈ బాగుచేసే పనిలోనే. దాన్ని బూట్ ఫర్మ్‌వేర్ అంటారు. యంత్రం లోపల గోరంత చిప్పులో కూర్చుని ఉంటుంది. అది లేచి మిగతా భాగాలన్నిటినీ లేపితేనే కంప్యూటర్ కంప్యూటర్ అవుతుంది. కంపెనీలు దాన్ని మూసిపెట్టి అమ్ముతాయి. అందులో తప్పుంటే వాళ్ళే దిద్దాలి. దిద్దడం మానేస్తే యంత్రం మీదే, తప్పు కూడా మీదే.

ఈ మూతను ఒప్పుకోని మనుషులు దేశదేశాల్లో ఉన్నారు. ఆ ప్రోగ్రాంను తామే రాసి, రాసిన ప్రతి అక్షరాన్నీ అందరి ముందు పెడతారు. ఎవరైనా చదవచ్చు, తప్పు పట్టవచ్చు, దిద్ది పంపవచ్చు. పంపినదాన్ని ఇంకొకరు చదివి ఒప్పుకుంటే తప్ప లోపలికి తీసుకోరు. పెద్దలు అక్కడా ఉన్నారు కానీ పెద్దరికాన్ని జవాబుగా ఎవరూ తీసుకోరు. "ఏ యంత్రం మీద నడిపావు? ఏం జరిగింది? చూపించు" అని అడుగుతారు. నేను మొదటిసారి పంపిన చిన్న దిద్దుబాటును వాక్యం వాక్యం విరిచి తిప్పి పంపారు. ఎంత సంతోషించానో చెప్పలేను. నాయన వెంట వాచనాలయంలోకి మళ్ళీ అడుగుపెట్టినట్టు అనిపించింది.

ఇక అసలు సంగతి. కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానా పైఅంతస్తులో మా పేట సంఘానికి ఒక హాలుంది. కింద సాంచెలు నడుస్తుంటే పైన నేల వణుకుతుంది, చాయ్ గ్లాసులు బల్ల అంచుకు జరుగుతాయి. అక్కడ తువ్వాళ్ళకు, చాదర్లకు డిజైన్లు గీయడం నేర్పుతాం. గీయగలిగినవాళ్ళకు కార్ఖానాల నుంచి పని ఇప్పిస్తాం. పుణెలో ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత లాప్‌టాప్‌లను సంఘం ఒక కట్టగా కొన్నది. వాటిలో రెండింటికి తాళం ఉంది. ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతాయి, చెప్పకపోతే కదలవు. ఆ పాస్‌వర్డ్ పెట్టిన మనిషి ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ బల్ల ముందు కూర్చున్నాడో ఎవరికి తెలుసు? తాళం ఉన్నది ఆ మొదటి ప్రోగ్రాంలోనే. దాన్ని తీసేసి, మా మనుషులు రాసిన స్వేచ్ఛా ప్రోగ్రాం ఎక్కించడమే దారి. ఆ రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కావడం మాకు కలిసొచ్చింది. అట్లా అనుకున్నాం.

ఆ రెండింటిలో ఒకటి ఒక చెల్లె వాటాకు వచ్చింది. కుంభారి కాలనీ మనిషి. పొద్దున బీడీలు చుట్టి, మధ్యాహ్నం బస్సెక్కి హాలుకు వచ్చేది. భర్త జబ్బుతో పోయి అప్పటికి ఏడాది కాబోతోంది. తంబాకు ఘాటుకు దగ్గు పట్టుకుంది, బీడీల నుంచి బయటపడాలని పట్టుదల కూడా పట్టుకుంది. రెండోది సంఘానిది, దాన్ని మేం పెద్దది అనేవాళ్ళం. అందరి డిజైన్లూ దానిలోనే దాచాలని అనుకున్నాం.

లాప్‌టాప్ విప్పి, చిప్పుకు క్లిప్పు పెట్టి, కొత్తది రాయాలి. ఆ మాట చెప్పగానే సంఘం పెద్ద కళ్ళద్దాలు తీశాడు. ఆయన్ని నేను మామా అని పిలుస్తాను. జీవితమంతా జకార్డు కార్డులకు చిల్లులు కొట్టిన మనిషి. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు.

"పోతే ఏంది బిడ్డా?"

"పోవచ్చు మామా. పాతది సదివి దాసిపెడ్తం గనక మళ్ల తేవచ్చు. గని పోవచ్చు."

సంఘం సొత్తు మీద ఆయన చేయి వేయనివ్వలేదు. కుంభారి చెల్లె తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"నాది తెరువు అక్కా. ఎట్లనన్న సచ్చిందే గద. సచ్చినదాన్ని మళ్ల సంపుడేంది?"

తెరిచాం. పాతదాన్ని రెండుసార్లు చదివి, రెండూ ఒకటే అని సరిచూసుకున్నాం. ఆ యంత్రానికే సొంతమైన కొన్ని ముక్కలు పాతదాంట్లోంచి తీసి కొత్తదాంట్లో కలిపి ఎక్కించాం. మీట నొక్కితే తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడగలేదు. మామ కొబ్బరికాయ తెస్తానన్నాడు. "తే మామా, తింటం" అన్నాను. కొట్టాడు, తిన్నాం.

అప్పుడు పెద్దదాని వంతు వచ్చింది. నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టబోతుంటే మామ ఆపాడు.

"గింత కష్టమెందుకు? ఒక సాంచె మీద నడ్సిన కార్డుల దండ పక్క సాంచె మీద నడ్వదా? రెండూ ఒక్క తీరు మిషన్లే. చెల్లెది నడ్సింది. గదే ఎక్కియ్యి."

జకార్డు తెలియని పాఠకులకు ఒక మాట. చిల్లులు కొట్టిన అట్టకార్డులను వరుసగా కుట్టి దండ చేస్తారు. ఏ చిల్లు దగ్గర ఏ దారం లేవాలో అదే చెబుతుంది. అదే రకం సాంచె ఏదైనా సరే, ఆ దండ వేస్తే అదే నెమలి, అదే పువ్వు. మామ తాత కాలం నుంచి మా పేట అన్నం తిన్నది ఈ సత్యం మీదే. మా వాళ్ళలో దాన్ని కాదనేవాళ్ళు లేరు, నేనూ కాదనలేదు. చెల్లె యంత్రానికి ఎక్కించిన ఫైలునే పెద్దదానికీ ఎక్కించాం. అదీ వెలిగింది. మామ నా వంక గెలిచినట్టు చూశాడు.

తరవాతి వారం చెల్లె రాలేదు. భర్త సంవత్సరీకం. ఆ వారంలోనే పెద్దదాన్ని వైరుతో, హాలంతటికీ నెట్ పంచే డబ్బాకు కలిపాం. మిగతా లాప్‌టాప్‌లు వైఫైతో గాలిలోనే నెట్ అందుకుని దానిలోంచి డిజైన్లు తీసుకునేవి, గీసినవి దానిలోనే దాచేవి. అంతా బ్రహ్మాండంగా నడిచింది. చెల్లె తిరిగొచ్చింది. ఆమె లాప్‌టాప్‌లో గాలి నెట్ అందుకునే ముక్క మొదటి నుంచీ లేదు, అందుకని కిటికీ పక్కన వైరు ఇచ్చి కూర్చోబెట్టాం. కాసేపటికి హాలంతా ఒకటే అరుపు.

"పోయింది! నాది దాసలేదు!"

"అరె, నాది బీ పోయింది!"

పెద్దది ఎవరికీ అందడం లేదు; నెట్ పోయిందని మేమన్నది దీన్నే. సాయంత్రం చెల్లె బస్సుకు వెళ్ళిపోయింది. నెట్ వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం చెల్లె వచ్చింది. నెట్ పోయింది. ఒక కార్ఖానాకు పంపుతున్న డిజైను దారిలో తెగిపోతే, వాళ్ళు చూసుకోకుండా సాంచెకు ఎక్కించారు. తువ్వాలు మీద నెమలి మెడ దాకా వచ్చి ఆగిపోయింది. తల లేని నెమలిని తీసుకుని కార్ఖానా మనిషి మెట్లెక్కి వచ్చాడు.

మొదట అది నవ్వులాటగానే మొదలైంది. "కుంభారి బస్ వచ్చింది, నెట్ బస్ పోయింది" అనేవాళ్ళు. తరవాత నవ్వు తగ్గింది. ఆమె మెట్లెక్కుతుంటే చేస్తున్న పనిని గబగబా దాచుకోవడం మొదలుపెట్టారు. ఆ తరవాత ఎవరో గొంతు తగ్గించి అన్నారు: "సంవత్సరీకం చేసి సీదా ఈడికే వచ్చింది. బొట్టు లేని మనిషి. ఇగ ఏముంటది?"

నా చెవిన పడింది. నా ఒళ్ళు మండింది. మండితే నేను ఏం చేస్తానో పేటకంతా తెలుసు కాబట్టి నాకు తెలియకుండానే ఆదివారం సంఘం కూర్చుంటుందని ఖాయం చేసుకున్నారు. ఆమెను ఇంటి నుంచే పని చేసుకోమని చెప్పాలట. ఎంత మర్యాద! ఆమె ఇంట్లో నెట్ లేదు. డిజైన్లన్నీ పెద్దదాంట్లో ఉన్నాయి. నేర్పేది హాల్లో. ఇంటి నుంచి పని చేసుకోమంటే మళ్ళీ బీడీలు చుట్టుకోమని చెప్పడమే.

శనివారం అశోక్ చౌక్‌లో బస్సు కోసం నిలబడ్డ ఆమెను పట్టుకున్నాను.

"లొల్లి చేయకు అక్కా. నేనే మానేస్త."

"మానేసి?"

"ఆకు ఉంది, తంబాకు ఉంది, చాట ఉంది. ఏంది, కొత్తనా నాకు?"

"నీ వల్లనే పోతుందని నువ్వు నమ్ముతున్నవా?"

బస్సులు అరుస్తున్నాయి. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. తరవాత అన్న మాట నన్ను కొట్టినట్టు తగిలింది.

"నేను బీ సూసిన గదక్కా. పెడ్తె పోతది. నా కండ్ల ముంగటనే పోతది."

అప్పటిదాకా నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసమంతా అక్కడే కూలిపోయింది. వైధవ్యం గురించి, శాస్త్రాల గురించి నా దగ్గర చాలా నిప్పు ఉంది. కానీ ఆమె శాస్త్రం చెప్పడం లేదు. చూసింది చెబుతోంది. అవతల సంఘం కూడా చూసిందే చెబుతోంది. వాళ్ళు చూసింది అబద్ధం కాదు. ఇన్నేళ్ళ వాదాల్లో నేను ఎదుర్కొన్న మూఢనమ్మకాలన్నీ వట్టి చేతులతో వచ్చినవే. ఇది మాత్రం రుజువు వెంటబెట్టుకుని వచ్చింది.

ఆదివారం పిలవకపోయినా వెళ్ళాను. చెల్లెను కూడా, లాప్‌టాప్ సంచితో సహా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. కింద ఒకటి రెండు సాంచెలు మాత్రమే నడుస్తున్నాయి. మామ నన్ను చూసి నిట్టూర్చాడు.

"వచ్చినవా? రా, కూసో. భాషణ మాత్రం వద్దు బిడ్డా. నువ్వే గద అంటవు, పరీక్ష చేయుండ్రి అని? నేను పరీక్ష చేసిన. రావద్దన్న, బరాబర్ నడ్సింది. రమ్మన్న, పోయింది. మళ్ల రావద్దన్న, నడ్సింది. ఇగ నువ్వు చెప్పు."

నిజం చెబితే ఆ క్షణాన నాకు ఆయన మీద గౌరవం కలిగింది. దేవుడి పటం ముందు చీటీలు వేయలేదు. జ్యోతిష్కుడి దగ్గరికి పోలేదు. పరీక్ష చేశాడు. వాచనాలయం నియమం గుర్తు చేసుకున్నాను.

"మామా, ముందు నీ మాట నేను చెప్త. తప్పయితే ఆపు. చెల్లె లేని దినం నెట్ నడ్సింది."

"అవ్."

"చెల్లె వచ్చిన దినం పోయింది."

"అవ్."

"గుమ్మంల కాలు పెట్టంగనే పోయిందా?"

"కాలు పెట్టంగనే కాదు. కూసున్నంక."

"ఇప్పుడు గుమ్మంల నిలబడ్డది. నెట్ ఉందా?"

అందరూ పెద్దదాంట్లోంచి డిజైన్లు తెరిచి చూశారు. ఉంది.

"కూసోంగనే పోయిందా మరి?"

చెల్లె పక్కన కూర్చుని గీసే ఒక పిల్ల ఉంది, నోటికి తాళం లేని పిల్ల. ఆమె అందుకుంది.

"కూసోంగనే కాదు మామా. అన్నం డబ్బా తెరుస్తది, నీళ్లు తాగుతది, నాతోని ముచ్చట పెడ్తది. గప్పుడు ఏం కాదు. వైరు పెట్టినంక పోతది. నేను పక్కనే ఉంట గద."

"అవ్. వైరు పెట్టినంక."

"అంటె నీ మాట గిది: చెల్లె, తన లాప్‌టాప్‌కు, వైరు పెడ్తె నెట్ పోతది. ఇదే గద?"

"గంతే."

"ఇండ్ల మూడున్నయి మామా. మనిషి, లాప్‌టాప్, వైరు. నువ్వు మూడింటిని కలిపి పంపినవ్, మూడింటిని కలిపి పిలిచినవ్. దోషం మూడింట్ల ఎవరిదో నీకెట్ల ఎర్కైంది?"

అడుగుతూనే నేను లేచాను. "సూద్దాం పట్టుండ్రి. ఇప్పుడే, అందరి ముంగట."

ముందు చెల్లెను తీసుకెళ్ళి పెద్దదాని ముందు కూర్చోబెట్టాను. ముట్టుకుంటే పోతుందేమోనని చేతులు వెనక్కి పెట్టుకుంది. ముట్టుకోమన్నాను. కొన్ని అక్షరాలు కొట్టింది. నెట్ నడుస్తూనే ఉంది. తరవాత ఆమె వైరు తీసి పక్క పిల్ల లాప్‌టాప్‌కు చెల్లె చేతనే పెట్టించాను. నడుస్తూనే ఉంది. మనిషి అయిపోయింది, వైరు అయిపోయింది. ఇక చెల్లె లాప్‌టాప్ మిగిలింది.

"దీనికి వైరు ఎవరు పెడ్తరు?"

అందరూ వెనక్కి జరిగారు. మామే వచ్చాడు. ఆయన భయపడే మనిషి కాదు. బొట్టు సరిచేసుకున్నాడో, చెమట తుడుచుకున్నాడో, నుదుటి మీద వేలు పెట్టి, వైరు తీసుకుని, టక్కున పెట్టాడు.

నెట్ పోయింది.

అప్పుడు ఆ నోటికి తాళం లేని పిల్ల అంది:

"మామా, ఇగ నిన్ను బయట కూసోబెట్టాలా? ఇంటి నుంచి చేసుకుంటవా పని?"

హాలు విరగబడి నవ్వింది. మామ కూడా నవ్వబోయి ఆగాడు. వైరు తీశాడు. నెట్ వచ్చింది. మళ్ళీ పెట్టాడు. పోయింది. "అరె, నాకు బీ పోతుంది" అని తన అరచేతులు చూసుకున్నాడు.

చెల్లె లేచి వచ్చింది. ఆయన చేతిలోంచి వైరు తీసుకుంది. పెట్టింది, పోయింది. తీసింది, వచ్చింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. చిన్నపిల్ల స్విచ్చుతో ఆడుకుంటున్నట్టు ఆడుకుంది. ఎవరూ ఆపలేదు. "నేను కాదు" అంది. మాలో ఎవరికీ చెప్పలేదు. తనకు తాను చెప్పుకుంది.

మిగతాది తేలడానికి ఎంతో సేపు పట్టలేదు. వైరుతో నెట్‌కు కలిసే ప్రతి యంత్రానికీ తయారీలోనే ఒక నంబరు ఇస్తారు. ఏ సరుకు ఎవరికి పంపాలో నెట్ డబ్బా ఆ నంబరు చూసే తెలుసుకుంటుంది. ఈ మోడల్‌లో ఆ నంబరు ఉండేది ఆ గోరంత చిప్పులోనే. ఒక యంత్రానికే సొంతమైన ముక్కలు అన్నానే, వాటిలో అదొకటి. చెల్లె ఫైలును పెద్దదానికి ఎక్కించినప్పుడు చెల్లె నంబరు కూడా పెద్దదానికి ఎక్కింది. ఒకే నంబరుతో ఇద్దరు ఎదురైతే డబ్బా తికమకపడి, ఒకరి సరుకు ఇంకొకరి గుమ్మంలో పడేసింది. కార్డుల దండలో నెమలి ఉంటుంది కానీ సాంచె పేరు ఉండదు. ఈ దండలో పేరు కూడా ఉంది.

తప్పు చెల్లెది కాదు సరే, ఆమె లాప్‌టాప్‌ది కూడా కాదు. దాని నంబరు దానిదే. ఇంకొకరి నంబరు తగిలించుకుని హాలు మధ్యలో దర్జాగా కూర్చున్నది పెద్ద యంత్రం. బయటికి పంపబోయింది ఆ నంబరు అసలు సొంతదారును! ఇది కంప్యూటర్లకే పరిమితమైన సంగతి అనుకుంటే మీరు నా వ్యాసాలు చదవడం దండగ.

పెద్దదాని అడుగున అంటించిన చీటీ మీద దాని సొంత నంబరు ఉంది. ఆ నంబరు పెట్టి మళ్ళీ రాశాం. క్లిప్పు పట్టుకున్నది చెల్లె. అప్పుడు రెండూ వైరుతో కలిసి, పక్కపక్కనే, ఏ గొడవా లేకుండా నడిచాయి.

అయినా ఒక గొంతు లేచింది. లేవకపోతే మనం మనుషులం ఎందుకవుతాం? తల లేని నెమలిని తెచ్చిన కార్ఖానా మనిషిది ఆ గొంతు.

"అంతా బరాబరే. గని గామె నంబరే ఎందుకెక్కాలె పెద్దదానికి? ఇంకెవలది ఎక్కొద్దా?"

నేను నోరు తెరిచేలోపే చెల్లె జవాబిచ్చింది. "ముందు తెరువుమని ఇచ్చింది నేను గనక. నువ్విస్తె నీది ఎక్కుతుండె."

ఆయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడని నేననను.

నా పని అక్కడితో అయిపోలేదు. మా హాల్లో జరిగింది ఇంకో ఊళ్ళో జరగకూడదు కదా? ఆ ప్రోగ్రాం రాసేవాళ్ళకు జరిగినదంతా రాశాను. ఒక పెద్దాయన జవాబిచ్చాడు. ఆయన రాతలు నాకు బాగా పరిచయం, ముఖం తెలియదు, మంచు కురిసే దేశం అని మాత్రం తెలుసు. "ఒకరి ఫైలు ఇంకొకరికి ఎక్కించవద్దని సూచనల్లో ముందే ఉంది" అన్నాడు. ఆయన మాటను ఆయనకే తిరిగి చెప్పాను: "హెచ్చరిక ఉంది, చదవకపోవడం మీ తప్పు అంటున్నారు, అవునా?" అవునన్నాడు. "పొడవైన పేజీ మధ్యలో ఉన్న హెచ్చరిక, చేయి మీట మీద ఉన్నప్పుడు కనబడకపోతే అది హెచ్చరిక అవుతుందా?" అన్నాను. ఇంకొకరు అడిగారు, అసలు ఒక యంత్రం ఫైలును ఇంకోదానికి ఎక్కించాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది అని. వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. జకార్డు కార్డుల దండ గురించి రాశాను. ఫొటో పంపాను. అప్పుడు ఆ పెద్దాయన రాసిన జవాబు నాకిష్టం: అయితే మీ చోట ఇది ఎవరికైనా తోచే ఆలోచనే, కాబట్టి చిప్పులో రాసే పనిముట్టే ఆపాలి.

రాసే ముందు పాత నంబరు, కొత్త నంబరు పోల్చి, తేడా ఉంటే ఆగి అడిగే మార్పు ఒకటి నేను రాసి పంపాను. తిప్పి పంపారు. ఫలానా మోడళ్ళలో నంబరు ఇంకోచోట ఉంటుందన్నారు. దిద్దాను. చిప్పు పూర్తిగా చెడిపోయి పాత నంబరు చదవడానికే రాకపోతే ఏం చేస్తావన్నారు. అది నాకు తోచనే లేదు. మళ్ళీ దిద్దాను. ప్రతి అభ్యంతరం అందరికీ కనిపించేలా, ప్రతి జవాబూ అందరికీ కనిపించేలా. నా ఊరు, నా కులం, నా చదువు ఎవరూ అడగలేదు. నడుస్తుందా లేదా అనే అడిగారు. చివరికి, అసలు యంత్రం మీద నడిపి చూసి చెప్పేవాళ్ళు కావాలన్నారు. చెల్లె తన లాప్‌టాప్ మళ్ళీ విప్పింది. తప్పు ఫైలు ఇచ్చి చూసింది, పనిముట్టు ఆగి అడిగింది. సరైనది ఇచ్చింది, రాసింది. పరీక్షించినవారు అన్న చోట ఆమె పేరు చేరింది.

తెర మీద ఆ వరుస చూపించాను. తన పేరు మీద వేలు పెట్టింది.

"నా పేరు ముంగట ఏమన్న రాస్తరా అక్కా? శ్రీమతి, గీమతి?"

"ఏం రాయరు. పేరు, ఏ మిషన్ మీద నడిపినవో. అంతే."

"మంచిగుంది" అంది, అంతే.

ఇప్పుడు హాల్లో పెద్దదాన్ని చూసుకునేది ఆమే. డిజైన్లు దాచినా, తీసినా ఆమెను అడగాల్సిందే. బీడీలు చుట్టడం పూర్తిగా మానలేదు కానీ తగ్గించింది, దగ్గు కూడా తగ్గింది. ఎవరైనా కొత్త లాప్‌టాప్ తెస్తే మామ "ముందు నంబరు సూడుండ్రి" అని అరుస్తాడు. ఆదివారం సంఘం ఏమని తీర్మానించబోయిందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదట. నాకు గుర్తుంది. ఇంకొక్క గంట ఆలస్యమైతే ఆ మనిషి, తన మీద తానే నమ్మకం పోగొట్టుకుని, ఆ మెట్లు చివరిసారి దిగిపోయేది. ఎవరూ తిట్టి ఉండేవారు కాదు. అందరూ మర్యాదగానే ఉండేవారు. అన్యాయం జరిగిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే మర్నాటి నుంచి నెట్ బాగా నడిచేది. తప్పుడు తీర్పు సరైన ఫలితం ఇచ్చినట్టు కనిపించడం కంటే ప్రమాదం ఇంకొకటి లేదు.

మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ సంఘంలో ఇట్లాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆమె వస్తే పని చెడుతుందని, అతని చెయ్యి పడితే కలిసి రాదని, మర్యాదగా పక్కన పెట్టిన మనిషి. ఈ వారమే ఆ మనిషిని పిలవండి. నలుగురిని కూర్చోబెట్టండి. మనిషిని ఒక పక్క, వస్తువును ఒక పక్క, చోటును ఒక పక్క విడదీసి, ఒక్కొక్కటి మార్చి చూడండి. మీ చేత్తోనే ఆ వైరు పెట్టి చూడండి. ఏం జరిగిందో అందరికీ వినబడేలా చెప్పండి. ఆ పని చేసేదాకా ఆ మనిషి గురించి ఒక్క మాట కూడా మాట్లాడకండి.